మధ్యల ఆపొద్దు మేడమ్

నన్ను చిన్నబుచ్చిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటాయి. అది నా గొప్ప కాదు, నా వృత్తి. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతాను. తెర మీద పెదవులు ఎక్కడ మూసుకుంటే నా మాట అక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి పీలిస్తే నేనూ అక్కడే పీల్చాలి. ఒకరి మాటను వాళ్లు అన్నట్టే తిరిగి అనడం చేతకాకపోతే మా పనిలో అన్నం పుట్టదు. హీరోయిన్లకు చెప్పే గొంతు కాదు నాది. హీరో వదిన, హీరోయిన్ మేనత్త, పెళ్లి సీన్లో ఎవరో ఒకావిడ, ఆస్పత్రి సీన్లో నర్సు. "డాక్టర్ గారు మిమ్మల్ని రమ్మంటున్నారండీ" అని ఎన్ని సినిమాల్లో అన్నానో లెక్కలేదు.

అసలు నర్సు ఒకమ్మాయి నాతో అన్న మాట మాత్రం నెలల తరబడి పంటి కింద రాయిలా ఉండిపోయింది. "మధ్యల ఆపొద్దు మేడమ్. ఆపితే మళ్ల మొదటికొస్తది."

ఆ మాట దాకా రావాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది తెనాలి వైపు. పెళ్లయిన కొత్తలో యూసుఫ్‌గూడలో అద్దెకు దిగి అక్కడే ఉండిపోయాం. మా ఆయన ఒక దర్శకుడి దగ్గర కథా చర్చల్లో కూర్చుంటారు, హాస్యం, డైలాగులు రాస్తారు. ఫిల్మ్‌నగర్‌లో ఒక ఫ్లాట్‌ను ఆఫీసుగా పెట్టుకుని నలుగురైదుగురు రోజంతా కథ అల్లుతారు. దాన్ని మా వాళ్లు సిట్టింగ్ అంటారు. సాయంత్రం కథ పక్కన పెట్టి సీసా తెరిస్తే దాన్నీ సిట్టింగే అంటారు. ఫోన్ చేసి ఎక్కడున్నారని అడిగితే "సిట్టింగ్‌లో ఉన్నా" అనేవారు. అది అబద్ధమని నేను నిరూపించలేను, నిజమని ఆయన నిరూపించలేరు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర పోలీసులు గొట్టం పెట్టి ఊదమంటారని కారు ఆఫీసు కిందే వదిలి ఆటోలో వచ్చేవారు. ఇంటి దగ్గర ఊదించే డ్యూటీ నాది. తలుపు తీయగానే "ఊదండి" అనేదాన్ని. ఆయన మొహం పక్కకు తిప్పుకునేవారు. మొహం తిప్పుకోవడమే జవాబు.

ఇంకొక విషయం కూడా రాయాలి. ఇలాంటివి రాయకూడదని చాలామంది అంటారు, అందుకే రాస్తున్నాను. ఆయన తాగి వచ్చిన రోజే మంచం మీద నా వైపు తిరిగేవారు. తాగని రోజు, అలాంటివి అరుదు, గోడ వైపు తిరిగేవారు. తాగి నా వైపు తిరిగిన రోజు కూడా చాలాసార్లు ఏమీ కాకుండానే నిద్రలోకి జారిపోయేవారు. తెల్లారి కాఫీ చల్లారిందని నా మీద కేకలు వేసేవారు. కాఫీ గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

ఒకసారి అరకులో షూటింగ్ జరుగుతుంటే సీన్లు అక్కడికక్కడే మార్చాలని ఆయన్నీ తీసుకెళ్లారు. తిరిగి వచ్చిన కొన్ని వారాలకు నాకు మొదలైంది. మంట, దురద, దుర్వాసన. తెల్లబట్ట ఆడవాళ్లకు కొత్త కాదు గానీ ఇది తెల్లగా లేదు, పచ్చగా ఉంది. డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి వదిన గారి చమత్కారాలు చెబుతూ కాలు మీద కాలు ఒత్తుకుని ఏడుపు ఆపుకున్నాను.

జూబ్లీహిల్స్‌లో పేరున్న లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ, "ఏం చేస్తుంటారు?" అంది.

"సినిమాల్లో డబ్బింగ్ చెబుతానండీ."

"ఓహ్, సినిమా ఫీల్డ్." ఆవిడ కనుబొమ్మ కొంచెం పైకి లేచింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మీకు పార్ట్‌నర్స్ ఎంతమంది?"

నాకు ఒక మొగుడే దొరకడం లేదమ్మా అందామనుకున్నాను. "ఒక్కరేనండీ, పెళ్లి చేసుకున్నాను" అన్నాను. అడగడం తప్పు కాదు, డాక్టర్ అన్నాక అందర్నీ అడగాలి. కానీ ఆవిడ నా ఉద్యోగం విన్నాక అడిగింది. ఆ తేడా నాకు తెలుసు. ఆ కనుబొమ్మ లేచిన తీరు ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది.

కలయికతో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే ఇన్ఫెక్షన్ అని చెప్పింది. మగవాళ్లలో బయటికి ఏమీ కనిపించకపోవచ్చంది. ఇద్దరం ఒకేసారి మాత్రలు వాడాలి, పూర్తయ్యేదాకా దగ్గర కాకూడదు. ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందని నేను అడిగితే, "అది మీరు మీ హస్బెండ్‌తో మాట్లాడుకోండి" అని గంట నొక్కింది. తర్వాతి పేషెంట్ లోపలికి వచ్చేసింది.

ఆయనకు చీటీ ఇచ్చాను. ఎందుకు, ఎక్కడిది అని ఆయన అడగలేదు. అడగకపోవడం నేను గమనించాను. "నేనే కొనుక్కుంటాలే" అని జేబులో పెట్టుకున్నారు. ఆ వారం రోజూ "మందు వేసుకున్నారా?" అని అడిగాను. రోజూ "వేసుకున్నా" అన్నారు.

నాకు తగ్గింది. మేం మళ్లీ దగ్గరయ్యాం. నాకు మళ్లీ వచ్చింది.

రెండోసారి ఆ క్లినిక్‌కు వెళ్లినప్పుడు ఒక నిర్ణయంతో వెళ్లాను. జబ్బు ఒక్కటే కాదు, ఈసారి తాగుడు సంగతి కూడా చెప్పి తీరాలి. డాక్టర్ని కలవడానికి ముందు బయటి గదిలో నర్సు వివరాలు రాసుకుంటుంది. పాతికేళ్లుంటాయేమో ఆ అమ్మాయికి, జడలో చిన్న గులాబీ. "మా ఆయన సంగతి కొంచెం చెప్పాలమ్మా" అని గొంతు సవరించుకున్నాను.

"సార్ మందు వేస్కుంటున్నరా మేడమ్?" అంది తనే.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లకు ఒకరు అడిగారు. మొహం చూసే కనిపెట్టింది.

"రోజూ వేసుకుంటారమ్మా."

"రోజు వేస్కుంటున్నరా? మంచిగ."

మంచిగానా? సరే, హైదరాబాదీ వెటకారం అనుకున్నాను. "రాత్రి అన్నానికి ముందు" అన్నాను.

"ముందుగాల వద్దు మేడమ్, కడుపుల మండుతది. తిన్నంక వేస్కోమనండి."

"ఎప్పుడు వేసుకుంటే ఏముందమ్మా. అసలు మానేయమని నేను మొత్తుకుంటున్నాను, వినరు."

ఆ అమ్మాయి రాస్తున్నది ఆపి తలెత్తింది. "అయ్యో, మీరే మానేయమంటే ఎట్ల? మధ్యల ఆపొద్దు మేడమ్. ఆపితే మళ్ల మొదటికొస్తది."

"మానకూడదా?"

"అస్సలొద్దు. సార్ మంచిగనే ఉన్నరు. మీరే జర ఓపిక పట్టాలె."

చదువుతున్న మీకు ఇక్కడే నవ్వొచ్చి ఉంటుంది. నాకు రాలేదు. నేను తాగుడు గురించి చెప్పాలని వెళ్లాను, నా చెవులు ఆ ఒక్క మందు కోసమే తెరుచుకుని ఉన్నాయి. లోపలికి వెళితే డాక్టర్ కూడా అదే పాట. "మీ హస్బెండ్ రెగ్యులర్‌గా వేసుకుంటున్నారట కదా. మరి మీ సైడ్ నుంచే ఏదో మిస్ అవుతోంది. హైజీన్ చూసుకోండి." తాగుడు మాన్పించే దారి అడిగితే అది మా డిపార్ట్‌మెంట్ కాదంది.

రోజూ తాగే మనిషికి మెప్పు, రోజూ రెండు పూటలా స్నానం చేసే నాకు శుభ్రత పాఠం. ఆటోలో కూర్చుని యూసుఫ్‌గూడ వచ్చేదాకా ఆ ఇద్దరి మాటలు వాళ్ల గొంతుల్లోనే అనుకుంటూ వచ్చాను. ఆటో అతను అద్దంలో నుంచి చూసి, "ఏమైందక్కా, ఫోన్ల మాట్లాడుతున్నవా?" అన్నాడు.

డాక్టర్ మళ్లీ రాసిన మాత్రలు నేను వాడితే తగ్గింది, మేం దగ్గరయ్యాక మూడోసారీ వచ్చింది. తర్వాత బంజారాహిల్స్‌లో మద్యం మాన్పించే కేంద్రానికి ఆయన్ని లాక్కెళ్లాను. అక్కడ కౌన్సెలర్ పెద్దమనిషి, మృదువుగా మాట్లాడతాడు. ముందు నర్సు మాట చెప్పి నిలదీశాను. మానకూడదని ఎవరైనా అంటారా అని. ఆయన తల పంకించి, "ఒక రకంగా నిజమేనమ్మా, ఎక్కువగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చూస్తుండగానే ఆపాలి" అన్నాడు. అంటే ఆ గులాబీ పిల్లదే కరెక్టా?

కుటుంబ సభ్యుల్ని పిలిచిన రోజున అందరి ముందూ కాకుండా ఆ కౌన్సెలర్ గదిలోకి వెళ్లి రెండో విషయం ఎత్తాను. ఇన్ఫెక్షన్ అన్నాను, మంచం అన్నాను. ఆయన కుర్చీలో కదిలాడు. పెన్ను మూత పెట్టాడు.

"అమ్మా, అవి లేడీ డాక్టర్‌ని అడగాలి. ఇక్కడ మనం తాగుడు గురించే మాట్లాడుకుందాం. ముందు ఆయన మానితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. అప్పటిదాకా మీరు కొంచెం అడ్జస్ట్ అవ్వాలి."

"లేడీ డాక్టర్‌ని అడిగానండీ. తాగుడు మా డిపార్ట్‌మెంట్ కాదన్నారు."

"మరి అంతేగా. ఎవరి పని వాళ్లది."

"నా ఒళ్లు ఒకటేనండీ" అన్నాను. "దాన్ని సగం జూబ్లీహిల్స్‌లో, సగం బంజారాహిల్స్‌లో ఇచ్చి రమ్మంటారా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ కేంద్రం మేనేజర్‌కు ఫిర్యాదు చేశాను. జూబ్లీహిల్స్ క్లినిక్ మేనేజర్‌కు కూడా చేశాను. ఇద్దరూ "మీ ఫీడ్‌బ్యాక్‌కు థాంక్స్" అన్నారు. ఫీడ్‌బ్యాక్ కాదు, ఫిర్యాదు అని ఇద్దరికీ చెప్పాను.

ఇంటికి వచ్చి ఆయన దిండు తీసుకెళ్లి హాల్లో సోఫా మీద పెట్టాను. "నా ఒంటికి ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. తాగుడు, ఇది రెండూ కలిపి ఒకే గదిలో, ఒకే మనిషి ముందు మాట్లాడాలి. అప్పటిదాకా మీరు ఇక్కడే" అన్నాను.

"అలాంటి చోటు ఎక్కడుంటుంది? సినిమా కథ అనుకున్నావా?" అన్నారాయన.

ఉందని డబ్బింగ్ థియేటర్లో నా తర్వాత మైకు ముందుకొచ్చే అమ్మాయి చెప్పింది. వెంగళరావు నగర్‌లో ఒకావిడ, సైకాలజిస్ట్. తాగుడు, పడకగది రెండింటి గురించీ అడుగుతుందట. మా ఆయన రానన్నారు. బయటివాళ్ల ముందు ఇల్లు ఆరబెట్టుకోను అన్నారు.

"రాకపోతే నేనే మీ సిట్టింగ్‌కి వస్తాను" అన్నాను. "మీ డైరెక్టర్ గారి ముందు మొదటి నుంచి చెబుతాను. సెకండాఫ్‌లో ఎమోషన్ తగ్గిందని బాధపడుతున్నారుగా, పనికొస్తుంది."

నేను అన్నంత పనీ చేస్తానని ఆయనకు తెలుసు. వచ్చారు.

అది ఒక ఇంటి మేడ మీద గది. కింద టిఫిన్ సెంటర్, దోసె కాలే వాసన మెట్ల మీద నుంచి పైకి వస్తూ ఉంటుంది. ఆవిడకు యాభై దాటి ఉంటాయి, వరంగల్ వైపు మనిషి. నన్ను అమ్మా అంది, ఆయన్ని సార్ అంది. ఎంత తాగుతారు, ఎప్పటి నుంచి, ఎవరితో, అని మామూలుగానే మొదలుపెట్టింది. అదే గొంతుతో, కూరగాయలు బేరమాడినంత మామూలుగా, తర్వాతి ప్రశ్న వేసింది.

"అమ్మతోని కలిసేటప్పుడు తాగి కలుస్తరా, తాగకుండనా సార్?"

మా ఆయన తడబడ్డారు. "ఆ రెండింటికీ సంబంధం ఏంటండీ?"

"ఏమో సార్, గదే అడుగుతున్న. మీకు సంబంధం లేదనిపిస్తుందా?"

ఆయన గోడ మీద క్యాలెండర్ వైపు చూశారు. నేను చెప్పబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఆ చెయ్యి నాకు నచ్చలేదు, గుర్తుపెట్టుకున్నాను. ఆయన జవాబు చెప్పేదాకా దోసెలు రెండు మూడు తిరగేసి ఉంటారు కింద.

"తాగే" అన్నారు చివరికి.

అప్పుడు నా వంతు వచ్చింది. నా ఫిర్యాదులన్నీ వరసగా చెప్పాను. డాక్టర్ కనుబొమ్మ, కౌన్సెలర్ పెన్ను మూత, అన్నీ. నర్సు దగ్గరికి వచ్చేసరికి కోపం పట్టలేకపోయాను. ఆ అమ్మాయి గొంతుతోనే చెప్పాను, ఒక్క మాట తప్పకుండా. సార్ మందు వేస్కుంటున్నరా, ముందుగాల వద్దు, తిన్నంక వేస్కోమనండి, మధ్యల ఆపొద్దు మేడమ్.

ఆవిడ పెదవులు బిగబట్టుకుంది. ఆపుకోలేక నవ్వింది, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. డబ్బిచ్చి వచ్చి మరీ ఎగతాళి చేయించుకుంటున్నానా అని నేను హ్యాండ్‌బ్యాగ్ అందుకున్నాను.

"కూర్చో అమ్మా, కూర్చో. నిన్ను చూసి నవ్వలేదు. ఆ పిల్ల ఏ మందు గురించి అడిగిందంటవు?"

"ఏ మందేంటండీ..." అని ఆగిపోయాను.

పెదవి మూసుకున్న చోట మాట ఆగింది. ఆ సంభాషణ మొత్తం మళ్లీ నా తలలో తిరిగింది, ఈసారి మాత్రలు పెట్టి. ఒక్క మాట కూడా మార్చక్కర్లేదు, అన్నీ సరిపోయాయి. మాటల మీద బతికేదాన్ని, ఇంత తేలిక మాట దగ్గర దెబ్బతిన్నాను. అయినా తప్పు నాదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. క్లినిక్‌లో కూర్చుని అడిగేవాళ్లు ఏ మందో అడగాలి.

ఆవిడా నేనూ ఒకేసారి గమనించాం. గదిలో ఇద్దరమే మాట్లాడుతున్నాం. కథలకు హాస్యం రాసే మనిషి నవ్వడం లేదు. మా ఆయన మొహం పాలిపోయి ఉంది.

"సార్, మరి గోలీలు వేస్కున్నరా మీరు?" అంది ఆవిడ.

"వేసుకున్నానని చెప్పా" అన్నారు. ఆయనే మళ్లీ, "తను రోజూ మందు వేసుకున్నారా అని అడిగింది. వేసుకున్నా అన్నా. ఏ మందో తను అడగలేదు" అన్నారు.

డైలాగ్ రైటర్‌తో కాపురం అంటే ఇదీ. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ మళ్లీ చెయ్యెత్తింది. ఈసారి ఆగాను, ఎందుకంటే ఆయన ఇంకా చెబుతున్నారు. మెడికల్ షాపు అతను మాత్రలు చేతిలో పెడుతూ, "అన్నా, ఇవి వేస్కున్నన్ని రోజులు మందు బంద్, లేకుంటే కక్కుకుంటవ్" అన్నాడట. ఆయన వాటిని కారులో పడేసి సిట్టింగ్‌కి వెళ్లిపోయారట.

"ఒక్క వారం ఆగలేకపోయారా?" అన్నాను.

"ఆగలేనని నీకు తెలిసిపోతుందని" అన్నారు. "నాకూ తెలిసిపోతుందని."

తర్వాత చాలా నెమ్మదిగా, క్యాలెండర్‌తోనే చెబుతున్నట్టు, ఇంకో ముక్క చెప్పారు. తాగకుండా నా పక్కన పడుకుంటే భయమట. ఒకప్పుడు రెండుసార్లు చేతకాకపోయిందట, అది నేను మరచిపోనని ఆయనకు తెలుసట. అందుకని తాగి రావడం. తాగితే ఇంకా చేతకాకపోవడం. "తను ఏదీ మరచిపోదండీ" అన్నారు ఆవిడతో, నా మీద ఫిర్యాదులాగా.

నేను ఏనాడూ దాన్ని ఆయన ఖాతాలో వేయలేదు. కాఫీ కోసం ఆయన వేసిన కేకల్ని వేశాను గానీ దీన్ని వేయలేదు. ఆ మాట అప్పుడే చెప్పాను.

ఆవిడ అక్కడితో వదల్లేదు. నేను నెలలుగా మోసుకు తిరుగుతున్న ప్రశ్న ఆవిడ అడిగింది. "సార్, అమ్మతోని కాకుండ వేరే ఎవరితోనన్న కలిసిండ్రా? తాగినప్పుడు?"

అరకు. షూటింగ్ ఆఖరి రోజు పార్టీ. ఎవరో ఒకామె. ఆమె ఎవరో కూడా సరిగా గుర్తులేదట. "కండోమ్ వాడిండ్రా?" అంటే అదీ గుర్తులేదన్నారు.

నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు సాయంత్రం నేను ఫోన్ చేశాను. అరకు కాఫీ పొడి తెమ్మని చెప్పాను. "సిట్టింగ్‌లో ఉన్నా" అన్నారు. కాఫీ పొడి తెచ్చారు కూడా, ఆ పొడితోనే నెల రోజులు కాఫీ పెట్టాను. ఈ ముక్క గట్టిగానే అన్నాను. ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. ఓదార్చాలనిపించలేదు. ఓదార్చమని ఆవిడా చెప్పలేదు. అందుకే ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది.

"ముందు తాగుడు మాన్పియాల్నా, ముందు ఇది చూడాల్నా అని అందరు మిమ్మల్ని తిప్పిండ్రు" అంది. "ఒక్కెద్దుతోని బండి నడుస్తదా? తాగినందుకు గోలీ వేస్కోలే. గోలీ వేస్కోనందుకు అమ్మకి మళ్ల వచ్చింది. భయానికి తాగుడు, తాగుడుకి మళ్ల భయం. రెండు ఒక్కపారే పట్టుకోవాలె." నా వైపు తిరిగింది. "నువ్వు గూడ అమ్మా, ఇంటికి రాంగనే ఊదిపియ్యకు. చెక్‌పోస్ట్ కాడ ఆ నౌకరి చేసేటోళ్లు వేరే ఉన్నరు."

ఇది కూడా గుర్తుపెట్టుకున్నాను. కానీ ఊదించడం మానేశాను.

తనకు తెలిసిన సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపింది, తాగుడు ఉన్నట్టుండి ఆపితే వచ్చే ప్రమాదం ఆయన చూసుకున్నాడు. చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, కానీ గండం గడిచింది. ఆ తర్వాత ఇద్దరం డైనింగ్ టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఇన్ఫెక్షన్ మాత్రలు వేసుకున్నాం. ఆయన నాలుక మీద పెట్టుకుని, నీళ్లు తాగి, నోరు తెరిచి చూపించారు. చూపించమని నేను అడగలేదు. హెచ్‌ఐవీతో సహా మిగతా పరీక్షలన్నీ ఇద్దరికీ చేయించాం. ల్యాబ్ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం, మధ్యలో నా హ్యాండ్‌బ్యాగ్. అన్నీ బాగానే ఉన్నాయని వచ్చింది. కొన్నిటిని కొంతకాలం ఆగి మళ్లీ చేయించాలన్నారు. అప్పటిదాకా దిండు హాల్లోనే అని నేనన్నాను.

ఈలోగా నాకొక పని మిగిలి ఉంది. జూబ్లీహిల్స్ క్లినిక్‌కు వెళ్లి ఆ నర్సును పట్టుకున్నాను. ఏం జరిగిందో చెప్పాను. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో మేడమ్! మందంటే గా మందనుకున్నరా? థూ, నా నోరు పాడుగాను. మా బాపు గూడ తాగుతడు. ఆయనకైతే గోలీ ఏస్కున్నవా అనే అంటా."

"మరి నన్నెందుకు గోలీ అని అడగలేదు?"

"గీడ గోలీ అనొద్దన్నరు మేడమ్. పెద్ద పెద్దోళ్లు వస్తరు, సినిమావాళ్లొస్తరు, మంచి తెలుగు మాట్లాడాలని ట్రైనింగ్ల చెప్పిండ్రు. మందులు అనాలె, అండీ అనాలె అని."

ఇన్నేళ్లుగా తెర మీద నర్సులందరికీ ఆ మంచి తెలుగు చెప్పింది నాలాంటి వాళ్లే. ఆ అమ్మాయి ఇంట్లో వాడే తిన్నని మాట వాడి ఉంటే నాకు రెండోసారి నడక తప్పకపోయినా, మూడోసారి జబ్బు తప్పేది. ఆ అమ్మాయిని క్షమించాను. ఇలాంటివి నా జీవితంలో చాలా తక్కువ.

డాక్టర్‌ని క్షమించలేదు. గదిలోకి వెళ్లి మూడు ముక్కలు చెప్పాను. భర్త మాత్రలు వేసుకున్నాడా అని భర్తనే అడగండి. తాగుతాడా అని అడగండి. ఎంతమంది అన్న ప్రశ్న అందర్నీ అడగండి, సినిమా అన్నాక కాదు. ఆవిడ, "షూర్, విల్ సీ" అంది. కనుబొమ్మ కదల్లేదు. చూస్తుందో లేదో మళ్లీ వెళ్లి కనుక్కుంటాను.

వెంగళరావు నగర్ మేడ మీదికి వెళుతూనే ఉన్నాం. ఒకసారి ఆవిడ నన్ను అడిగింది, నీకేం కావాలి అని. ఆయన ఏం చేయాలో కాదు, నాకేం కావాలో. ఏ గదిలోనూ ఎవరూ ఆ మాట అడగలేదు. "అడిగినదానికి నిజం చెప్పే మనిషి పక్కన పడుకోవాలనుంది" అన్నాను. "తాగని మనిషి అనలేదేం?" అంది. "తాగలేదని అబద్ధం కూడా చెప్పవచ్చు కదండీ" అన్నాను. ఆయన పక్కనే కూర్చుని విన్నారు.

రెండో విడత పరీక్షలు కూడా బాగానే ఉన్నాయని వచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నేను మంచం మీద నడుం వాల్చి ఉన్నాను. ఆయన దిండు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"రావచ్చా?"

ఊదండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "మీరే చెప్పండి" అన్నాను.

ఆయన దిండు అంచు నలిపారు. నాకు ఆ కొద్దిసేపట్లోనే ఆయన ఏ డైలాగ్ రాసుకుంటారో, ఎన్ని రకాలుగా తప్పించుకోవచ్చో అన్నీ తెలుసు. పరీక్షలు బాగున్నాయి, నోట్లో వాసన లేదు, తాగలేదన్నా నేను కనిపెట్టలేను.

"నిన్న సిట్టింగ్‌లో ఒక పెగ్గు" అన్నారు. "తాగే సిట్టింగ్. రేపు వెంగళరావు నగర్‌లో కూడా చెబుతా."

రేపు నేను చెప్పవలసిన ఫిర్యాదు అది. ముందే తీసేసుకున్నారు. నాకు కోపం వచ్చింది, కానీ పూర్తిగా రాలేదు.

"అయితే ఇవాళ హాల్లోనే" అన్నాను.

"సరే" అన్నారు. వాదించలేదు. దిండు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగారు.

"తలుపు వేయకండి" అన్నాను.

తలుపు తీసే ఉంది. హాల్లో సోఫా కిర్రుమన్నది. ఆయన అటు, నేను ఇటు, ఇద్దరం మెలకువగానే ఉన్నాం. ఆ అమ్మాయి మాట గుర్తొచ్చింది. మధ్యల ఆపొద్దు మేడమ్. ఆపను. పక్కకు తిరిగి పడుకున్నాను, గోడ వైపు కాదు, తలుపు వైపు.